కుంతళ కాచిన గొడ్డుమొగలి

బాలిజోరి పొలాలలో సముద్రానికి అన్నిటికంటె దగ్గరగా ఉన్న మడి కుంతళా నాహాక్‌ది. ఆ మడి దాటితే మొగలిపొద. పొద దాటితే ఇసుకమెట్ట. మెట్ట దిగితే అలలు. మడి నడుమ తవ్వుకున్న చెలమలో, ఉప్పునీటికి కూతవేటు దూరాన, నడివేసవిలో సైతం తియ్యని నీరు ఊరేది. ఆ నీటితోనే ఆమె ఆగాకర పాదులనూ వంగమొక్కలనూ బ్రతికించింది. వాటితోనే తానూ, తన కూతురూ బ్రతికారు. పొద నిలిచినంత కాలమే మడి నిలుస్తుందనీ, మడి నిలిచినంత కాలమే చెలమ ఉంటుందనీ ఆమెకు తెలియడానికి కొన్నేళ్లు పట్టింది. తెలిసిన తరువాత ఆ పొదను నిలుపుకొనడమే ఆమె జీవితమైంది.

మావాళ్లు దానిని గొడ్డుపొద అనేవారు. మొగలిలో ఆడా మగా వేరు. మగపొద తొలివానలకు తెల్లని పొత్తి విప్పి ఊరంతా గుబాళిస్తుంది. ఆ కాలంలో మగవాళ్లు దోటెలు భుజాన వేసుకొని, పొద్దు పొడవకముందే కాలువగట్లెక్కి పూలు కోసి అత్తరు తీసే బట్టీకి చేరుస్తారు; ఎండ తగిలిన పువ్వును చూస్తే బట్టీవాడు మొగం తిప్పుకుంటాడు. ఆడపొదకు ఈ వాసన లేదు. అది కాయ కాస్తుంది. అనాసను పోలి, పండితే కావిరంగు తిరిగే ఆ కాయను మనుషులు తినరు. కాయ కాసేదానిని గొడ్డుదనీ, ఎన్నడూ కాయనిదానిని ఫలించే పొద అనీ పిలవడం వింతే కాని, బట్టీకి పువ్వు పంపనిది ఏదైనా మావాళ్ల దృష్టిలో గొడ్డుదే. తాతల నాటినుండి గట్ల మీది ఆడపొదలను వేరుతో పెకలించి, వాటి స్థానంలో మగపొదల కొమ్మలు నాటుతూ వచ్చారు. చివరకు ఎవరికీ పట్టని సముద్రపుటొడ్డున మాత్రమే ఆడపొద మిగిలింది.

అన్నదమ్ములు వేరుపడినప్పుడు కాలువగట్టూ దాని పూలవరుసా పెద్దవాడైన అరఖితుడికి వచ్చాయి. సముద్రపు మడి చిన్నవాడు, కుంతళ భర్త హాడిబంధుకు వచ్చింది. దాని పక్కనే, ఉత్తరంగా, కొద్దిపాటి గొడ్డుపొదా దాని వెనుక వరిమడీ అరఖితుడి వాటాలో పడ్డాయి. హాడిబంధు వాదులాడే మనిషి కాడు. మూట కట్టుకొని సూరత్ మగ్గాలకు వెళ్లాడు. కొన్నాళ్లు ఏటా భూదేవికి చేసే రజ పండుగకు వచ్చిపోయేవాడు. ఒక ఏడు అతనికి బదులు, జ్వరంతో పోయాడన్న కబురు వచ్చింది. అప్పటికి కూతురు తిలోత్తమ ఇంకా చంకదిగలేదు.

మా ఇళ్లలో తమ్ముడి భార్య బావగారితో ముఖాముఖి మాట్లాడదు. ముసుగు దించుకొని మూడవ మనిషితో చెబుతుంది. మూడవ మనిషి లేకపోతే గోడతోనో ఆవుతోనో చెబుతుంది. కుంతళకు ఆ మూడవ మనిషి తోటికోడలు బిలాసిని. భర్త పోయిన మరుసటి వానాకాలంలో కుంతళ వారి అరుగు దగ్గర నిలబడింది.

“అక్కా, ఆయన గట్టు మీద కొమ్మలు కొన్ని ఇప్పించు. నా మడికి దక్షిణం కొసన గొడ్డుపొద కొట్టించీసి, పూలపొద ఏసుకుంటాను.”

అరఖితుడు పీట మీదినుండే అన్నాడు. “కొమ్మలకేటి, ఎన్ని కావాలంటే అన్ని కొట్టుకోమను. ఇన్నాళ్లకి బుద్ధొచ్చిందని కూడా సెప్పు.”

“నేనేటి సెప్పేది? ఆవిడకి సెవుల్లేవా?” అంది బిలాసిని, వక్క కొరుకుతూ. “మీ ఇద్దరి మజ్జినా పడి నా నోరు అరిగిపోతంది.”

అరఖితుడు కొమ్మలివ్వడమే కాక, తానే మనిషిని పెట్టి నాటించాడు. అందులో అతని తప్పు లేదు. ఊరిలో ఎవరైనా అదే చేసేవారు. కాని కాలువగట్టు బురదలో కన్నుమూసి తెరిచేలోగా నాటుకునే కొమ్మ, సముద్రపు ఉప్పుగాలిలో వేరు పట్టకముందే చివరలు మాడింది. ఇంతలో వేసవి వచ్చింది, దక్షిణపు గాలి లేచింది. పొద నరికిన సందులోనుండి ఇసుక చప్పుడు లేకుండా జారి, మొదట వంగమొక్కల మొదళ్లలో కూర్చుంది. కుంతళ గంపలతో ఎత్తి అవతల పోసింది. గాలికి నిద్ర లేదు, కూలి అక్కరలేదు. ఆమె పగలంతా ఎత్తినది అది రాత్రికి తెచ్చి పోసేది. కొమ్మలు ఎండి పుల్లలైనాయి. మరుసటి వేసవికి మడిలో దక్షిణపు భాగం ఇసుక కిందికి పోయింది, దానితోపాటు అక్కడ ఉన్న పాత చెలమ కూడా. కొత్త చెలమను ఆమె ఉత్తరంగా జరిగి తవ్వుకోవలసి వచ్చింది.

ఒకనాడు, పోయిన చోటును చూస్తూ మెట్ట మీద కూర్చున్న కుంతళకు, మిగిలిన పొద కింద పచ్చని మొలకలు కనిపించాయి. కాయ పండి తునకలుగా విడిపోతే, పీతలు కొన్నిటిని ఈడ్చుకుపోయి బొరియల దగ్గర వదిలాయి. గబ్బిలాలు కొన్నిటిని చప్పరించి విసిరాయి. అవి ఇసుకలోనే, నీళ్లు పోసే చేయి లేకుండానే మొలిచాయి. తానెరిగిన వాళ్లలో ఎవ్వరూ గొడ్డుమొగలిని నాటగా ఆమె చూడలేదు. ఆనాటినుండి ఆమె కొంగునిండా తునకలేరి, సందు పొడవునా ఇసుకలో గుచ్చడం మొదలుపెట్టింది.

నూతి దగ్గర ఆడవాళ్లు ఊరుకుంటారా?

“ఏమే కుంతళా, గొడ్డుదానికి పురుడు పోస్తన్నావంట?”

“పోస్తన్నాను. బారసాలకి పిలుస్తాను, పిఠాలు వొండుకుని తెచ్చుకో.”

“మంత్రసాని ఎవుర్తో?”

“పీత,” అని కడవ ఎత్తుకొని వెళ్లిపోయింది.

నాటినవాటిలో చాలా చచ్చాయి. బ్రతికినవి మెల్లగా, ఏడాదికి జానెడు చొప్పున ఎదిగినట్లు ఉండేవి. కాని ఊడలు దిగి నేల పట్టిన తరువాత వాటిని కదిలించగల గాలి లేదు. ఇసుక వచ్చి ఊడల్లో చిక్కుకొని, అక్కడే మెట్టగా పేరుకుంది. ఆ మెట్ట మీదికి పొద మళ్లీ ఎక్కింది. తిలోత్తమ పెళ్లినాటికి సందు ముక్కాలు మూసుకుంది. పోయిన భాగం తిరిగి రాలేదు. ఉన్నది పోవడం మాత్రం ఆగింది.

పొద పెరిగినకొద్దీ దానిలో కాపురాలూ పెరిగాయి. ముళ్ల ఆకుల నడుమ జెముడుకాకి గూడు పెట్టింది. కుక్క దూరలేని ఆ చోట ముంగిసలు పిల్లలను పెంచాయి. ఉడుములూ నక్కలూ ఉండేవి. కాలువలో చేపలు పట్టే బావురుపిల్లి పగలు అందులోనే పడుకునేది. సందెవేళ పునుగుపిల్లి పండిన కాయకోసం ఊడల మీదుగా నడిచిపోయేది. కుంతళ వాటిని ముద్దుచేసిన మనిషి కాదు. పొద దగ్గరికి పోయేటప్పుడు దగ్గేది. తాను వస్తున్నట్లు వాటికి తెలియజేయడం అన్నమాట. వాటి వలన తనకు కలిగిన మేలును మాత్రం ఆమె ఎరుగును. పూలకోతకు అడ్డులేకుండా కింది ఆకంతా చెక్కి శుభ్రంగా ఉంచిన కాలువగట్ల వెంట ఎలుకలు వరి కంకులు కొరికి కుప్పలు పెట్టుకునేవి. ఆమె మడిలో ఎలుక బొరియ అరుదు.

పొద ఆమెకు కూడుకూడా పెట్టింది. నేల తాకని లేత ఊడలను ఏరి కోసి, నానబెట్టి, కొసలు చితకగొడితే సున్నం వేసే కుంచెలవుతాయి. నార తీస్తే తాళ్లవుతాయి. తిలోత్తమ మగడు కూడా ఆమెను తల్లి దగ్గరే ఉంచి సూరత్ మగ్గాల్లో ఉండేవాడు. ఎప్పుడు పంపుతాడో, ఏమి పంపుతాడో తెలియదు. అందువలన తల్లికి మడి ఎంతో కూతురికి కుంచెలంత. మార్గశిరంలో ఇల్లిల్లూ అలికి ముగ్గులు పెట్టుకునే గురువారాలకు ముందు, సంతలో తిలోత్తమ కుంచెలు మిగలడమన్నది లేదు.

ఇలా ఉండగా ఒక జ్యేష్ఠమాసపు సాయంకాలం అరఖితుడి నల్లెద్దు పలుపు తెంచుకొని పొద మొదలు దగ్గర మేయబోయింది. ఏ పాము కరిచిందో ఎవరూ చూడలేదు. తెల్లవారేసరికి ఎద్దు కాళ్లు చాచింది. అరఖితుడు దాని తల ఒడిలో పెట్టుకొని పసిబిడ్డలా ఏడ్చాడు. అంతకుముందే బావురుపిల్లి బిలాసిని బాతులను ఒక్కొక్కటిగా మోసుకుపోయింది. బాతులకు అతడు తిట్టి ఊరుకున్నాడు. ఎద్దు వేరు.

ఆనాడే, పురాణం చదువుకునే భాగవత టుంగీ ముందు ఊరు కూడింది. మగవాళ్లు అరుగు మీద, ఆడవాళ్లు కింద. కుంతళ ముసుగు దించుకొని బిలాసిని పక్కనే కూర్చుంది.

“నా కాడి విరిగిపోయింది,” అన్నాడు అరఖితుడు. “రేపు ఏ పిల్లాడి కాలో. ఆ పొద తగలెట్టీయాలి. నా ముక్క నేనే తగలెట్టుకుంటాను. ఆవిడ ముక్కలో పూలకొమ్మలు నేనే నాటిస్తాను, నష్టం లేకుండా. అంతకంటె ఏటి సెయ్యమంటారు?”

కుంతళ బిలాసిని వైపు తిరిగింది. “అక్కా, ఎద్దు పోయినందుకు నాకూ కూడు దిగలేదు. ఆయనకి సెప్పు. కానీ పూలకొమ్మలు నేనొకసారి ఏసి సూసినాను. ఆ సందులోంచి వచ్చిన ఇసక కింద నా మడి ఎంత పోయిందో ఊరంతా ఎరుగుదురు.”

“నీళ్లు పొయ్యలేదు, ఎండిపోయినాయి,” అన్నారెవరో అరుగు మీదినుండి.

“సముద్రం పక్కన కూకుని నీళ్లు పొయ్యలేదంటన్నాడు, అక్కా! ఏ నీళ్లు పొయ్యాలో కూడా అడుగు.”

కింద ఆడవాళ్లలో నవ్వు పుట్టి, ఎద్దు సంగతి గుర్తుకువచ్చి ఆగిపోయింది.

“ఆవిడ మాటలకేం గానీ,” అన్నాడు అరఖితుడు, ఈసారి భార్యను కాక నేలను చూస్తూ. “మడి పెద్దదా, మనిషి పెద్దోడా అని అడగండి.”

పాములు ఆ పొదలో ఉన్నమాట నిజం. రజ పండుగ నాలుగు రోజుల్లో ఉంది. భూదేవి బయట ఉన్న ఆ మూడు రోజులూ నేలకు ఇనుము తగలరాదు, చెట్టుకు నిప్పు తగలరాదు. కాబట్టి పండుగ ముగిసి, భూదేవికి తలంటి స్నానం జరిగిన నాడు పొద కాల్చాలని ఊరు తీర్మానించింది.

రజ పండుగకు ఊయెలలు కట్టారు. ఆడపిల్లలు కాళ్లకు పారాణి పెట్టుకొని పాటలు పాడారు. కుంతళ ఇల్లు కదలలేదు. రెండవ నాటి మధ్యాహ్నం బిలాసిని పొడొపిఠా రొట్టె ముక్క ఆకులో చుట్టుకొని వచ్చింది.

“తిను. పండగ పూట ఇలగ కూకోకూడదు.”

“నువ్వు తగలెట్టమంటావా, అక్కా?”

“నా బాతులు పోయినప్పుడు నేనే తగలెట్టమన్నాను. ఎద్దు పోయినకాణ్నించి ఆ మనిషి అన్నం ముట్టడం లేదు. నేనెటు మాటాడను సెప్పు?” బిలాసిని ఆకు పొట్లం ఆమె ముందు పెట్టింది. “ఇన్నేళ్లూ మీ ఇద్దరి మాటలూ మోసినాను. ఇది మొయ్యలేను.”

ఆమె వెళ్లిన తరువాత కుంతళ పిఠా తినలేదు. లేచి ఊరి చివర ఠాకురాణి గుడి దగ్గర ఉండే దేహురి గయాధరుడి ఇంటికి వెళ్లింది. గయాధరుడు అమ్మవారికి పూజచేసేవాడు, వయసుమళ్లినవాడు, తొందరలేని మనిషి.

“పొదని అమ్మవారికి ఇచ్చీద్దామనుకుంటన్నాను,” అంది.

గయాధరుడు చేతిలోని పూలబుట్ట పక్కన పెట్టాడు. “ఇచ్చీడం సుళువే తల్లీ. తిరిగి తీసుకోడం ఉండదు. ఒక్క ఊడ కొయ్యకూడదు. ఒక్క కాయ తెంపకూడదు. నువ్వే కాదు, నీ కడుపున పుట్టినోళ్లూ, వాళ్ల కడుపున పుట్టినోళ్లూ. మీ అమ్మాయి కుంచెలు ఏటవుతాయి?”

“మడి ఉంటాది గదా.”

“అమ్మాయిని అడిగినావా?”

“అడిగితే వొద్దంటాది.”

“మరయితే భూదేవి బయట ఉంది గదా, ఇప్పుడెలగ ఇస్తావు?”

“కొయ్యడానికీ తవ్వడానికీ ఇనుము కావాలి. ఇవ్వడానికెందుకు, తాతా?”

గయాధరుడు లేచి పసుపు కలిపాడు.

నాలుగవనాడు తలంటి స్నానాలైన తరువాత మగవాళ్లు ఎండుతాటాకుల కట్టలు పట్టుకొని పొద దగ్గరికి వచ్చేసరికి, దాని పొడవునా పసుపుదారం చుట్టి ఉంది. మొదటి ఊడకు ఎర్రబట్ట కట్టి ఉంది. గయాధరుడు ఇసుకలో చాప వేసుకొని కూర్చున్నాడు. వచ్చినవాళ్లు ఒక్కొక్కరే చేతిలోని కట్టలు కింద పెట్టి దండం పెట్టారు. అరఖితుడు చివరివాడు. అతడూ దండం పెట్టాడు. తరువాత దూరంగా నిలిచిన భార్యతో అందరికీ వినపడేలా అన్నాడు:

“ఆవిడకి సెప్పు. నా ఎద్దు పోయింది, దాని తగువు కూడా అమ్మవారి మీదే పెట్టీసిందని.”

కుంతళ ముసుగులో తల వంచుకొని నిలబడింది. ఆ మాట అన్యాయమైనది కాదని ఆమెకు తెలుసు. అరఖితుడు ఉత్తరంగా నడిచి, తన వాటాలోని పొదకు నిప్పు పెట్టాడు. పచ్చి మొగలి తొందరగా అంటుకోదు. సాయంత్రం దాకా నల్లగా పొగ చిమ్మి, చివరికి కాలింది. దానిలోనుండి జెముడుకాకులు అరుస్తూ లేచి, దక్షిణంవైపు పొదలో వాలాయి.

ఇంట్లో తిలోత్తమ సగం చితకగొట్టిన కుంచెలను ముందు వేసుకొని కూర్చుంది.

“నన్నడిగినావా?” అంది.

“లేదు.”

“మడి నీది, పొద నీది, ఇచ్చీడం నీ ఇష్టం. మరి నా చేతులు ఎవరివి? వీటికి వొచ్చిన పని ఒక్కటే.”

తల్లీకూతుళ్లు ఆ వర్షాకాలమంతా ఒక గిన్నెలో పఖాళ చద్దన్నం తింటూనే మాటలు లేకుండా గడిపారు. తరువాత తిలోత్తమ బట్టీలో పూలు విడదీసే పనికి వెళ్లింది. ఆ వాసన ఇంటికి తెచ్చుకున్నప్పుడల్లా తల్లిముందు కావాలనే చీర దులుపుకునేది. మడిపని మాత్రం మానలేదు; చెలమలోని మట్టి తీసేది, ఆగాకర తీగ పందిరికెక్కించేది. కోపం ఎప్పుడు పోయిందో ఇద్దరూ చెప్పలేరు.

అరఖితుడు కాల్చినచోట పూలకొమ్మలు నాటించాడు. కొన్ని బ్రతికాయి కూడా. అయితే ఒక పెద్ద గాలివాన వాటిని వేళ్లతో లేపివేసింది. ఆ తరువాత ప్రతి వేసవిలోనూ అతని వరిమడిలోకి ఇసుక రాసాగింది. దక్షిణాన పసుపుదారం ఉన్నంతమేరా ఒక గంపెడు ఇసుక లోపలికి రాలేదు. ఊరు అది చూసింది, ఏమీ అనలేదు. ఎద్దు చచ్చిన సంగతి ఎవరూ మరవలేదు మరి.

ఒక ఉదయం అరఖితుడు కర్ర ఊతగా కుంతళ మడి గట్టుకు వచ్చాడు. అప్పటికి అతని జుట్టు పూర్తిగా నెరిసింది. తల్లీకూతుళ్లు వంగకాయలు కోస్తున్నారు. కుంతళ ముసుగు లాగుకుంది. అతడు తిలోత్తమను చూసి అన్నాడు:

“అమ్మా, మీ అమ్మకి సెప్పు. ఆ కాయ తునకలు కొన్ని ఉంటే, నా మడి చివరన గుచ్చుకుంటాను.”

“పెదనాన్నా, ఆవిడ నీకు బారెడు దూరంలో ఉంది. నువ్వే సెప్పుకో,” అంది తిలోత్తమ, వంచిన నడుము ఎత్తకుండానే.

అరఖితుడు కర్రతో నేల గీస్తూ నిలబడ్డాడు. కుంతళ కూతురితో అంది:

“లోపలున్నది అమ్మవారిది. చెయ్యి పెట్టకూడదు. కానీ గబ్బిలాలు తిని పారీసింది, పునుగుపిల్లి బయటికి ఈడ్చుకొచ్చింది అమ్మవారిది కాదనే నేననుకుంటన్నాను. దేహురి తాత లేడు అడగడానికి. తప్పయితే ఆ తప్పు నాకే తగుల్తాది, ఆయనకి తగలదు. పొద్దున్నే రమ్మను. ఎండెక్కితే పీతలు పట్టుకుపోతాయి.”

“పాములు?” అన్నాడు అరఖితుడు.

“దగ్గుకుంటూ రమ్మను.”

ఆ ఏడు వానలు మొదలయ్యేదాకా అరఖితుడు రోజూ వచ్చేవాడు. పసుపుదారం లోపలికి కాలు పెట్టకుండా, రాత్రి జంతువులు విడిచిన తునకలను వంగి ఏరుకునేవాడు. చూపు ఆననప్పుడు తిలోత్తమ చూపించేది. కుంతళ దూరంగా తన పనిలో ఉండేది. కొన్నాళ్లు ఒక్కటీ దొరికేది కాదు. దొరికినవాటిలో సగం మొలవలేదు.

మూడవ వేసవి తిరగకముందే, కార్తికమాసంలో కుంతళ కన్నుమూసింది. అరఖితుడు నాటిన మొక్కలు అప్పటికి మోకాలెత్తు కూడా లేవు. వాటికి ఒక్క ఊడైనా దిగలేదు. అవి ఇసుకను ఆపుతాయో లేదో ఆమె చూడలేదు. చెలమ మాత్రం ఉన్నచోటనే ఉంది. తిలోత్తమ అందులోనుండి రెండు కుండలు తోడుతుంది; ఒకటి తన పాదులకు, ఒకటి పెదనాన్న మొక్కలకు.